బ్యాటరీకి చావు చీటీ

తిమ్మమ్మ ఎలక్ట్రిక్ బండిని టిప్పరు లారీలో ఎక్కించి తెప్పించడం ఆ ఇంట్లో ఒక్కసారే జరిగింది. రెండోసారి ఆ మాట ఎత్తిన మనిషి లేడు.

బ్రేకులు సరిచేయించడానికి బళ్లారి పంపిన బండి తిరుగు ప్రయాణంలో ఆమె కొడుకు ప్రశాంత్ టిప్పర్లో ఇంటికొచ్చింది. టిప్పరు నడిపే ఈరేశ్ మంచివాడే. కానీ మూడేళ్లుగా సండూరు కొండల నుంచి ఇనుప ఖనిజం మోసి మోసి అతని చేతికి ఒక అలవాటు పట్టుకుంది. లారీ ఆగగానే చెయ్యి దానంతటది తొట్టి ఎత్తే లివరు మీదికి పోతుంది. ఆ సాయంత్రం సిరుగుప్ప దగ్గరి పల్లెలో, తిమ్మమ్మ ఇంటి ముందర లారీ ఆగింది. తొట్టి పైకి లేచింది. ఆకాశం రంగు బండి మర్యాదగా జారుకుంటూ వచ్చి వరిగడ్డి కుప్పలో ముక్కు దూర్చి నిలబడింది.

"అమ్మా, దబ్బున పోయలేదమ్మా! మెల్లగానే పోసినా!" అన్నాడు ఈరేశ్, రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని.

గడ్డికుప్ప అక్కడ ఉండబట్టి సరిపోయింది. అద్దం ఒకటి వంగింది, అంతే. ఎన్ని బిందెలు పోసి కడిగినా రెండు రోజులపాటు బండిలోంచి ఎర్రనీళ్లు కారుతూనే ఉన్నాయి. తిమ్మమ్మ ఈరేశ్‌ను తిట్టలేదు. మెల్లగా పోశాడంటే నిజంగా మెల్లగానే పోసి ఉంటాడు.

ఆ బండి ఆమె చేతికొచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది. లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు, గేర్లు లేవు. పాతిక కిలోమీటర్ల వేగం దాటమన్నా దాటదు. భర్త పోయిన నాలుగేళ్లలో ఆమె ఎక్కడికి పోవాలన్నా ఎవరో ఒకరు తీసుకుపోవాలి; ఆ ఎవరో ఒకరికి తీరిక ఉండాలి. ఖనిజం ధర పైకి పోతున్న ఆ రోజుల్లో తీరిక అనేది ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. బండి వచ్చాక తిమ్మమ్మ తనంతట తాను బ్యాంకుకు పోయింది. బియ్యం మిల్లుకు పోయింది. ఒక రోజు ఏ పనీ లేకుండా కాలువ గట్టు దాకా పోయి, నీళ్లు చూసి వచ్చింది. ఆ రోజు సంగతి ఎవరికీ చెప్పలేదు.

కొత్తలో ఒక్క చార్జింగుకు అరవై కిలోమీటర్లు పోయిన బండి ఇప్పుడు పాతిక పోయేసరికి కాళ్లు బారజాపుతోంది. బ్యాటరీకి ఏడాది వారంటీ. ఆ ఏడాది రేపటితో సరి. ప్రశాంత్ చోరనూరు గనుల దిక్కున టిప్పర్ల దగ్గరే ఉన్నాడు. ఫోను చేశాడు.

"అమ్మా, ఆ బొమ్మను పాత ఇనుము గుజరీకి ఏసెయ్. నీకు యాడికి పోవల్లన్నా నేను కారు పంపిస్తా గదా."

"ఎప్పుడు పంపిస్తావురా?"

"నువ్వు చెప్తూనే పంపిస్తా."

"పోయిన తడవ చెప్పినంక మూడు దినాలకు పంపిస్తివి. నేను పోయేసరికి పెండ్లి అయిపోయి, పందిరి గూడ పీకేసినారు. పందిరి గుంజలకు అక్షింతలు ఏసి వస్తి."

అవతల నవ్వు ఆపుకున్న చప్పుడు. "సరే. రేపటి లోపల షాపోడు బ్యాటరీ మార్చిస్తే బండి నీది. లేదంటే ఎల్లుండి గుజరీకి. మళ్లా మాట మార్చకూడదు."

"మార్చను. నువ్వు మార్చొద్దు."

షాపు బళ్లారి కౌల్ బజార్లో ఉంది. యాభై అయిదు కిలోమీటర్లు. బండినే తేవాలి, ఉత్త బ్యాటరీ తెస్తే చెల్లదని కాగితంలో రాసి ఉంది. తిమ్మమ్మ లెక్క సులువుగానే ఉంది. పాతిక పోవడం, దారిలో ఎవరింట్లోనో కాసేపు కరెంటు పెట్టుకోవడం, మళ్లీ పోవడం. చార్జరును గుడ్డ సంచిలో పెట్టుకొని మర్నాడు పొద్దున్నే బయలుదేరింది.

తొమ్మిదింటికి బండి ఒక ఊళ్లో ఆగింది. ఆ ఊరి పేరు ఎందుకులెండి. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ పరువుగా బతుకుతున్నవాళ్లు. ఎదురుగా తెల్లసున్నం కొట్టిన మిద్దె, అరుగు మీద పేపరు చదువుతూ యాభై ఏళ్ల మనిషి. పేరు మాధవరెడ్డి.

"అప్పా, రొంత కరెంటు ఇస్తారా?" అని అడిగింది తిమ్మమ్మ.

మాధవరెడ్డి పేపరు దించాడు. "ఏంది?"

"బండికి. బ్యాటరీ అయిపోయింది. ఓ మూడు గంటలు ప్లగ్గు ఇస్తే చాలు."

"ఎవరింటోళ్లమ్మా మీరు?"

చెప్పింది. ఊరి పేరు, భర్త పేరు, చివర్లో కొడుకు పేరు. కొడుకు పేరు వినగానే మాధవరెడ్డి లేచి నిలబడ్డాడు. "ప్రశాంత్ వాళ్లమ్మనా? రెండు టిప్పర్లు... రండి రండి! ఒసే సరోజా, ఎవరొచ్చినారో చూడు!"

రెండు టిప్పర్ల సంగతి ఈయనకెట్లా తెలుసని తిమ్మమ్మకు తట్టలేదు. ఆ రోజుల్లో ఎవరికెన్ని టిప్పర్లో జిల్లా అంతా తెలిసేది.

ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు ఒక్కటే ఉంది. అది నడింట్లో టీవీ వెనక ఉంది. చార్జరు తీగ మూరెడే. కాబట్టి బండే ఇంట్లోకి రావాలి. మెట్లకు పలక అడ్డం పెట్టి మాధవరెడ్డి తోస్తుంటే ఆయన భార్య సరోజినీదేవి "ఆగండి ఆగండి!" అని లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. మొదటిసారి గడప దాటే బండికి పసుపు కుంకుమ పెట్టకపోతే ఎట్లా? పెట్టింది. హారతీ ఇచ్చింది. కుడికాలు ముందు పెట్టించాలని చూసింది గానీ, చక్రాలు రెండూ ఒకదాని వెనక ఒకటి ఉండేసరికి కుడిది ఏదో తేల్చుకోలేక వదిలేసింది.

టీవీ తీగ పీకి చార్జరు తగిలించారు. ఎర్రదీపం వెలిగింది. టీవీ ఎదురుగా మంచం మీద మాధవరెడ్డి తల్లి సుబ్బమ్మ కూర్చొని ఉంది. ఎనభై ఏళ్లుంటాయి. పది గంటలకు ఆమె సీరియల్ ఉంది.

"మీ సీరియల్ పోతాదేమో అమ్మా," అంది తిమ్మమ్మ నొచ్చుకుంటూ.

"పోనీలే. ఆ కోడలు రేపు గూడ ఏడుస్తాది," అంది సుబ్బమ్మ. తన వైపు తిరిగి ఉన్న టేబుల్ ఫ్యానును కాలితో తిమ్మమ్మ వైపు తిప్పింది.

ఉప్పిట్టు వచ్చింది. మిరపకాయ బజ్జీలు వచ్చాయి. కాఫీ వచ్చింది. కాఫీ తెచ్చిన అమ్మాయి చంద్రిక, ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు. తిమ్మమ్మ వచ్చినప్పుడు ఆ పిల్ల పాత చుడీదార్లో ఉంది. తొమ్మిదిన్నరకు లంగావోణీలో మంచినీళ్లు తెచ్చింది. పదిన్నరకు పట్టుచీరలో మజ్జిగ తెచ్చింది. ఈ రోజు పిల్ల పుట్టినరోజు కాబోలు, పాపం ఉత్త చేతుల్తో వచ్చానే అనుకుంది తిమ్మమ్మ.

మాధవరెడ్డి ఆమెకు ఇల్లంతా చూపించాడు. పెరట్లో బర్రెలను చూపించాడు. కాలువ కింద మడి ఎంతవరకో వేలు పెట్టి చూపించాడు. తిమ్మమ్మ అన్నిటికీ తలూపింది. ఒక్కటే అడిగింది.

"మీకు కరెంటు నిలకడగా ఉంటాదాప్పా?"

"మా ఇంట్లో అన్నీ నిలకడేనమ్మా," అన్నాడు మాధవరెడ్డి గుండె మీద చెయ్యి వేసుకొని. "మా పాప గూడ కరెంటు చదువే. డిప్లొమా. బళ్లారిలో."

తిమ్మమ్మ ముఖం విప్పారింది. "అట్లనా! రామ్మా, ఈ చార్జరు రొంత చూడు. కాలిపోతాంది."

ఇంట్లోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇటువంటి పరీక్ష వాళ్లు ఎక్కడా వినలేదు. చంద్రిక పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకొని, నేల మీద మోకాళ్ల మీద కూర్చొని చార్జరు మీద చెయ్యి పెట్టింది. "ఇంతే వేడెక్కుతాది అత్తా. మంచిదే," అంది. సరోజినీదేవి తలుపు చాటున ఊపిరి వదిలింది.

కాసేపటికి తిమ్మమ్మ చెయ్యి కడుక్కోవడానికి పెరటివైపు నడిచింది. వంటింటి కిటికీలోంచి మాటలు వినబడ్డాయి.

"అది కాదత్తమ్మా," అంటోంది సరోజినీదేవి. "పిల్లను చూసేకి వచ్చేవాళ్లు ముత్తైదువులతో వస్తారు గదా. ఈయమ్మ ఒంటిగా వచ్చె..."

"దేవుడు తీస్కపోయినోణ్ణి వెంటబెట్టుకొని రమ్మంటావా?" అంది సుబ్బమ్మ. "చెప్పకుండ వస్తేనే పిల్ల తీరు తెలుస్తాది. మా కాలంలో దారిన పోతా నీళ్లడిగేకి వచ్చినట్ల వచ్చేటోళ్లు. ఇప్పుడు కరెంటు అడుగుతాండారు. దొంగ బ్యాటరీ గూడ తెచ్చుకునింది సూడు, ఎంత తెలివి!"

"శకునం..."

"రెండు టిప్పర్లు ఎదురొస్తే శకునమే పక్కకు తప్పుకుంటాది. నువ్వు భక్ష్యాలకు పప్పు ఏసినావా లేదా?"

తిమ్మమ్మ చెంబు పట్టుకొని అక్కడే నిలబడిపోయింది. ఆమెకు పొద్దుటి నుంచి జరిగినవన్నీ వరసగా కళ్ల ముందు నడిచాయి. ఉప్పిట్టు, లంగావోణీ, బర్రెలు, పట్టుచీర. పోయిన నెల ఎవరో పెళ్లిళ్ల పేరయ్య ప్రశాంత్ ఫోటో అడిగి తీసుకుపోవడమూ గుర్తొచ్చింది.

నిజం చెప్పాలి. చెబితే ప్లగ్గు పీకి బయట పెడతారేమో. బయట పెడితే బళ్లారి లేదు, బ్యాటరీ లేదు, రేపు గుజరీ. చెప్పకపోతే ఇంకో గంటలో బండి లేస్తుంది, నవ్వుతూ సాగనంపుతారు; తర్వాత నెలల తరబడి ఈ ఇల్లు కబురు కోసం దారి చూస్తుంది.

వెనక నుంచి చంద్రిక వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది. "అత్తా, మీరు నన్ను చూసేకి వచ్చినారా, చార్జింగుకు వచ్చినారా? ఆ బ్యాటరీ నిజంగానే పోయింది. నేను చూసినా."

"చార్జింగుకేనమ్మా," అంది తిమ్మమ్మ.

"బతికినా!" అంది చంద్రిక. వెంటనే ఆమెకు కొంచెం కోపం కూడా వచ్చింది. "అంటే రెండుసార్లు బట్టలు ఉత్తగనే మార్చినానా? రెండు టిప్పర్లు ఉండేవాడు వాళ్లమ్మకు దారిలో ఒక ప్లగ్గు చూపించలేకపోయినాడా?"

"ఆ మాట నేనూ అడుగుతా వాణ్ణి."

సరిగ్గా పన్నెండుకు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఎర్రదీపం ఆరింది. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. సరోజినీదేవి మొదటి భక్ష్యం వడ్డించబోతుంటే తిమ్మమ్మ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కా, ఇది తినకముందే చెప్తా. నేను సంబంధానికి రాలేదు. బ్యాటరీకే వచ్చినా. మీరు వేరే అనుకున్నట్లు నాకు ఇప్పుడే తెలిసె. తెలిసినంక దాచి తింటే అరగదు."

సుబ్బమ్మ మొదట తేరుకుంది. "అయితే పిల్లను చూడలేదా?"

"చూసినానమ్మా. బంగారం. నా కొడుకుకే ఆ పిల్లను చూసే మొహం లేదు." అని వారంటీ సంగతి, కొడుకు పెట్టిన గడువు, గుజరీ సంగతి, కారు కోసం ఎదురుచూపులు అన్నీ చెప్పింది.

మాధవరెడ్డి లేచి బయటికి వెళ్లిపోయాడు. కోపమే, న్యాయమే అనుకుంది తిమ్మమ్మ. సరోజినీదేవి ఒక నిమిషం భక్ష్యం గరిటె మీదే పట్టుకొని నిలబడి, తర్వాత తిమ్మమ్మ చెయ్యి పక్కకు తోసి విస్తట్లో వేసింది. పైన నెయ్యి పోసింది. "పప్పు ఉడికింది బ్యాటరీ కోసం అని మేం అనుకోలేదు లెండి. తినండి."

అంతలో వాకిట్లో ట్రాక్టరు చప్పుడైంది. మాధవరెడ్డి వెనక ట్రాలీ తగిలించి, ట్రాలీలో గోనెసంచులు పరిచి పిలిచాడు. "బిరిబిరిన తినండి. కరెంటు మళ్లా మూడింటిదాకా రాదు."

"ట్రాలీ పైకి లేస్తాదాప్పా?" అని అడిగింది తిమ్మమ్మ.

"లేయదమ్మా. ఎందుకు?"

"ఊరికెనే అడిగినా."

బండితోపాటు తిమ్మమ్మ ట్రాలీ ఎక్కింది. చంద్రిక, పట్టుచీరతోనే, ఎక్కింది. సుబ్బమ్మ కూడా ఎక్కింది. ఆమె బళ్లారి చూసి ఆరేళ్లయిందట. ఆ మాటకు ఎవరికీ అడ్డు చెప్పబుద్ధి కాలేదు.

నాలుగింటికి కౌల్ బజార్ సందుల్లో ఆటోలను తప్పించుకుంటూ షాపు చేరారు. మెకానిక్ హులిగప్ప బక్కమనిషి, నెమ్మదస్తుడు. సీటు లేపి బ్యాటరీకి మీటరు పెట్టాడు. ముల్లు గబగబా పోయి పచ్చగీత మీద నిలబడింది.

"అమ్మా, బ్యాటరీ చెన్నాగైతె. బాగుండాది," అన్నాడు.

"బాగుండేది ఏందప్పా! పాతిక పోతే పడిపోతాది!"

"ఇప్పుడు లేచి కూర్చునుండాది గదమ్మా. కంపెనీ రూలు ఏమంటే, ముల్లు ఎర్రగీత కింద ఉంటేనే మార్చియ్యల్ల. బతికుండే బ్యాటరీకి నేను చావు చీటీ ఎట్ల రాసేది?"

మూడు గంటలు మాధవరెడ్డి ఇంటి కరెంటు తాగి, ట్రాలీలో పడుకొని వచ్చిన బండి పుట్టి బుద్ధెరిగాక అంత కళగా ఎన్నడూ లేదు.

"రేపు తెస్తే?" అంది చంద్రిక.

"రేపు వారంటీ లేదు పాపా. ఆరింటికి షాపు మూస్తా. ఆ లోపల ముల్లు కిందికి దించుకొని రండి, రాసిస్తా. అంతకంటే నా చేతిలో ఏమీ ఇల్ల."

ఇంక చేసేదేముంది? చంపాలి. తిమ్మమ్మ హ్యాండిలు పట్టుకొని కూర్చుంది. చంద్రిక హెడ్‌లైటు వేసింది, రెండు వైపులా ఇండికేటర్లు వేసింది. "బరువు ఎక్కితే తొందరగ దిగుతాది" అనగానే సుబ్బమ్మ చీర చెంగు దోపుకొని వెనక ఎక్కేసింది. మనవరాలు ఎంత చెప్పినా దిగలేదు.

బండి పోయింది. గుడ్డల అంగళ్ల సందులో ఒక చుట్టు, గాజుల సందులో ఒక చుట్టు, మళ్లీ గుడ్డల సందు. రోజూ పాతికకే కూలబడే బండి ఆ రోజు గుర్రంలా పరుగెత్తింది. నాలుగో చుట్టుకు అంగళ్లవాళ్లు స్టూళ్లు బయట వేసుకొని కూర్చున్నారు. అయిదో చుట్టుకు అత్తరు అమ్మే ముసలి సాయిబు చెయ్యి అడ్డం పెట్టాడు.

"క్యా హువా అమ్మా? ఎవరి కోసం తిరుగుతాండారు?"

"బ్యాటరీ సావడం ల్యా సాయిబూ!" అంది సుబ్బమ్మ వెనక నుంచి.

"అల్లా! లోకమంతా బతకల్లని మొక్కుకుంటాంటే..." అన్నాడాయన. మరి ఏమనుకున్నాడో, "హారన్ కొట్టండి, జల్దీ పోతాది" అని సలహా చెప్పాడు.

హారన్ కొట్టారు. ఆపకుండా కొట్టారు. అయిదుంబావు. సందులో పిల్లలు వెనక పరుగెత్తడం మొదలుపెట్టారు. అయిదున్నర. మాధవరెడ్డి ఒక చోట, చంద్రిక ఒక చోట నిలబడి ఆటోలను ఆపుతున్నారు. తిమ్మమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాదిగా తల్లీ పోవే తల్లీ అని బతిమాలిన బండినే ఇప్పుడు ఆగవే తల్లీ అని బతిమాలుతోంది.

"అత్తా, రైలు బ్రిడ్జి ఎక్కించండి! ఎత్తుకు ఆగుతాది!" అని అరిచింది చంద్రిక. పరుగెత్తుకొచ్చి తనూ సుబ్బమ్మ వెనక ఎక్కింది.

ముగ్గురు ఆడవాళ్లతో బండి బ్రిడ్జి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. మొదట హారన్ గొంతు మారింది. తర్వాత లైటు పసుపుపచ్చగా అయింది. సగం ఎత్తులో బండి ఒక్కసారి నిట్టూర్చి నిలబడిపోయింది.

"చచ్చె! చచ్చె!" అని ముగ్గురూ కేకలు వేస్తుంటే దారిన పోయే లారీవాడు భయపడి బ్రేకు వేశాడు.

"దిగొద్దండి, తిప్పండి!" అంది చంద్రిక. "ఊరికే నిలబెడితే మళ్లా తేరుకుంటాది. వెంటనే మీటరు పెట్టల్ల!"

దేవుడి దయ, వెనక్కి తిరిగితే అంతా పల్లమే. మోటారు లేకుండానే బండి జారుకుంటూ వచ్చింది. షాపుకు ఇంకా నూరు గజాలుండగా నేల చదునైపోయింది. అంతలో పిల్లల కేకలు విని హులిగప్ప ఎదురొస్తున్నాడు. ఒక చేతిలో మీటరు, ఒక చేతిలో ఫారం, నోట్లో పెన్ను పట్టుకొని పరుగెత్తుతున్నాడు. నెమ్మదస్తుడు పరుగెత్తడం ఆ సందులో అదే మొదటిసారని తర్వాత అందరూ అన్నారు. నడివీధిలో సీటు లేపి ముల్లు పెట్టాడు. ముల్లు లేవనే లేదు.

ఆరుకు ఏడు నిమిషాలు తక్కువ. హులిగప్ప బండి సీటు మీదే ఫారం పెట్టి రాశాడు: బ్యాటరీ మృతి. తారీకు వేశాడు. అత్తరు సాయిబు చప్పట్లు కొట్టాడు.

కొత్త బ్యాటరీ బిగించేసరికి చీకటి పడలేదు గానీ వీధి దీపాలు వెలిగాయి. కంపెనీ నుంచి వచ్చిన బ్యాటరీలో సగానికి పైగా చార్జింగు ఉంది. తమ ఊరి దాకా పోతుంది, మిగతాది అక్కడ పెట్టుకోవచ్చని చంద్రిక లెక్క చెప్పింది. మాధవరెడ్డి బండిని ట్రాలీ ఎక్కించబోయాడు.

"వద్దప్పా," అంది తిమ్మమ్మ. "నేను నడుపుకుంటా వస్తా."

"నేను దీని మీదనే వస్తా," అంది సుబ్బమ్మ. అప్పటికే ఎక్కి కూర్చుంది.

ఊరి బయట ఎర్రధూళి కొంచెం పలచబడిన చోట తిమ్మమ్మ సంచిలో ఫోను మోగింది. ఆమె రెండు చేతులూ హ్యాండిలు మీదున్నాయి. సుబ్బమ్మ సంచిలో చెయ్యి పెట్టి, తోచిన మీట నొక్కి చెవికి పెట్టుకుంది.

"అమ్మా, యాడుండావు? కారు పంపిస్తా," అన్నాడు ప్రశాంత్.

"కారు ఎందుకప్పా, మేం పోతాండాం," అంది సుబ్బమ్మ.

"ఎవరు మీరు? అమ్మ యాడ?"

"ముందర ఉండాది. చేతులు ఖాళీ లేవు," అని ఫోను సంచిలో వేసేసింది.

ఫోను సంచిలోంచి ఇంకా ఏదో మాట్లాడుతూనే ఉంది. తిమ్మమ్మ ముందున్న మాధవరెడ్డి ట్రాక్టరును చూసి ఒకసారి హారన్ కొట్టి, మెల్లగా, పూర్తి వేగంతో దాన్ని దాటింది.